తెల్ల కాగితాల దస్తా ఎవరు కొనాలి? రెండు రాష్ట్రాల శాసనసభ్యులకు ఒక రిటైర్డ్ స్టేషన్ రైటర్ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ్యులకు,

నమస్కారం. నేను ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్‌గా చేరి, ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, 2023లో ఏఎస్ఐగా రిటైరయ్యాను. అందులో పద్దెనిమిదేళ్లు స్టేషన్ రైటర్‌గానే ఉన్నాను. ఫిర్యాదు ఎఫ్ఐఆర్‌గా మారేదీ, సాక్షుల వాంగ్మూలాలు కేసు డైరీలోకి ఎక్కేదీ, చార్జిషీటు తయారై కోర్టుకు వెళ్లేదీ ఆ రైటర్ బల్ల మీదే. రాష్ట్రం విడిపోయాక నేను ఏ వైపు పనిచేశానో ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయేది రెండు వైపులా ఉన్నదే.

ఏటా బడ్జెట్ సమావేశాల్లో హోంశాఖ పద్దు మీ ముందుకు వస్తుంది. రిటైరయ్యాక ఆ చర్చలు టీవీలో మొదలు నుంచి చివరిదాకా చూస్తున్నాను. శాంతిభద్రతలు బాగున్నాయని ఒకరు, క్షీణించాయని ఒకరు వాదించుకుంటారు. ఎన్ని వాహనాలు కొన్నారు, ఎన్ని కెమెరాలు పెట్టారు అనే లెక్కలు వస్తాయి. సమయం చాలకపోతే మిగిలిన పద్దులన్నీ గిలెటిన్ చేసి, అంటే చర్చ లేకుండా, ఒకేసారి ఓటింగుకు పెడతారు. ఈ డబ్బులో మండల స్టేషన్ గడప లోపలికి ఎంత చేరుతోంది, కేసు దర్యాప్తుకు ఎంత ఖర్చవుతోంది అని ఎవరైనా పట్టుబట్టి అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నాను. ఇప్పటిదాకా వినలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఒక కేసు చెబుతాను. ఇందులో తప్పు నాది కూడా.

పదిహేనేళ్ల కిందటి మాట. తాపీ పని చేసుకునే ఒకాయన, ఆయన భార్య స్టేషన్‌కు వచ్చారు. పదహారేళ్ల కూతురు కనిపించడం లేదు. మిస్సింగ్ కేసు కట్టాం. నాలుగు రోజులకు ఫోన్ టవర్ లొకేషన్ మహారాష్ట్రలో ఒక ఊరు చూపించింది. మనుషులను పంపాలి. మా స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ లేదు కాబట్టి పక్క స్టేషన్ నుంచి అడిగి తెచ్చుకోవాలి. ఒక హెడ్ కానిస్టేబుల్, ఆ మహిళా కానిస్టేబుల్, పిల్ల తండ్రి, మొత్తం ముగ్గురు వెళ్లాలి. వచ్చేటప్పుడు పిల్లను బస్సుల్లో తిప్పలేం, బండి మాట్లాడుకోవాలి. టీఏ (ప్రయాణ ఖర్చు) అడ్వాన్సు కోసం కాగితం పెడితే అది ఆఫీసులు తిరిగి వచ్చేసరికి పిల్ల ఇంకో ఊరికి మారిపోతుంది. ఎస్ఐ గారు నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. నేనే లేచి బయట చెట్టు కింద నిలబడ్డ ఆ తండ్రి దగ్గరికి వెళ్లి, "బండి ఖర్చు పెట్టుకోగలవా?" అని అడిగాను.

ఆయన ఎంత అని కూడా అడగలేదు. సాయంత్రానికి డబ్బు తెచ్చాడు. ఆరో రోజు పిల్ల దొరికింది. వాంగ్మూలం రాయడానికి తల్లిని బల్ల ముందు కూర్చోబెట్టినప్పుడు చూశాను, మొదటి రోజు ఆమె చెవులకున్న కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుంది. వేలిముద్ర వేస్తూ ఆమె నాకు దండం పెట్టింది. నేను కేసు డైరీలో "సిబ్బంది బస్సులో వెళ్లి వచ్చారు" అని రాశాను. తాకట్టు కమ్మలతో మాట్లాడిన బండి గురించి ఏ రికార్డులోనూ లేదు. మా హెడ్ కానిస్టేబుల్‌కు టీఏ బిల్లు పద్నాలుగు నెలల తర్వాత వచ్చింది. ఆ తండ్రికి ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వలేదు, ఇవ్వడానికి పద్దు లేదు.

ఇది నేనొక్కడిని చేసిన పని కాదు. "ఖర్చులు పెట్టుకుంటారా?" అనే మాట స్టేషన్ మెట్లెక్కిన పేదవాళ్లలో విననివారు తక్కువ. ఫిర్యాదు రాయడానికి తెల్ల కాగితాల దస్తా తెమ్మంటాం. జిరాక్సులు బయట తీయించుకు రమ్మంటాం. పంచనామాకు ఫొటోగ్రాఫర్‌ను పిలిపించుకోమంటాం. రైలు పట్టాల పక్కన దొరికిన అనాథ శవాన్ని మార్చురీకి చేర్చాలంటే ఆటోవాడిని బతిమాలుకుంటాం, వాడు ఒప్పుకుంటే ఆ డబ్బు కానిస్టేబుల్ జేబులోంచి పోతుంది. లాకప్‌లో ఉన్న మనిషికి రెండు పూటలా తిండి పెట్టాలి. ప్రింటర్‌లో టోనర్ అయిపోతే చార్జిషీటు ఆగుతుంది. జీపుకు ఇచ్చే డీజిల్ కోటా నెలాఖరు దాకా రాదు.

ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసు. కొంత ఫిర్యాది నుంచి, కొంత సిబ్బంది జీతం నుంచి. మిగిలింది ఊళ్లో వ్యాపారాలున్నవాళ్ల నుంచి. ఒక బండరాళ్ల క్వారీ ఆయన మా స్టేషన్‌కు రెండేళ్లు కాగితాలు, కుర్చీలు, తాగునీటి క్యాన్లు పంపించాడు. ఆయన టిప్పర్ ఒక స్కూలు పిల్లాడిని గుద్దిన రోజు ఆ కుర్చీల్లోనే కూర్చుని మేం కేసు రాయాల్సి వచ్చింది. రాశాం. కానీ డ్రైవర్ పేరు దగ్గర, వేగం దగ్గర, లారీ కండిషన్ దగ్గర ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎస్ఐ గారు ఎంత నలిగిపోయారో పక్కన కూర్చున్నవాడిగా నాకు తెలుసు. లంచం తీసుకునేవాడిని నేను సమర్థించడం లేదు. జేబు నింపుకోవడానికి తీసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లను పట్టుకోవాల్సిందే. అయితే నిజాయితీగా ఉండాలనుకునే ఎస్ఐ కూడా స్టేషన్ నడవాలంటే ఎవరో ఒకరి ముందు చెయ్యి చాచాల్సిన ఏర్పాటు మనమే చేసి పెట్టాం. దాన్ని మార్చే అధికారం మీ చేతుల్లో ఉంది.

డబ్బు అసలే లేదా అంటే ఉంది. 2025-26 బడ్జెట్‌లో తెలంగాణ హోంశాఖకు 10,188 కోట్లు కేటాయించారు. రాష్ట్రం మొత్తం బడ్జెట్ 3,04,965 కోట్లు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ 3,22,359 కోట్ల బడ్జెట్‌లో హోంశాఖకు 8,570 కోట్లు ఇచ్చింది. అంటే వంద రూపాయల్లో తెలంగాణలో మూడు రూపాయల పైచిలుకు, ఆంధ్రప్రదేశ్‌లో మూడు రూపాయల లోపు. ఇందులో అత్యధిక భాగం జీతభత్యాలకే పోతుంది. అది తప్పు కాదు, పోలీసు పని అంటేనే మనుషుల పని. జీతాలు పోగా మిగిలినదాంట్లోంచి ఏది ముందు తీస్తున్నామన్నదే నా బాధ.

ప్రారంభోత్సవం చేయడానికి వీలున్నవాటికి డబ్బు ముందు వస్తుంది. భవనం, వాహనాల వరుస, తెరల గోడ, కొత్త యాప్. వీటిని నేను తక్కువ చేయడం లేదు. 2014లో హైదరాబాద్ రోడ్ల మీదికి కొత్త ఇన్నోవాలు వచ్చినప్పుడు మేమంతా సంతోషించాం. డొక్కు జీపును నెట్టి స్టార్ట్ చేసినవాళ్లకు ఆ సంతోషం తెలుస్తుంది. అదే ఏడాది అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ వల్ల ఆడపిల్లలకు మేలు జరిగింది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో తెరిచిన కమాండ్ కంట్రోల్ సెంటర్ వరదలప్పుడు, పెద్ద ఊరేగింపులప్పుడు పనికొస్తుంది. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టులో పోలీసు విభాగంలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. మనం దేశంలో వెనుకబడి లేము. మొదటి స్థానంలో ఉన్నచోట కూడా రైటర్ బల్ల మీద కాగితాలకు దిక్కులేదంటే మిగతా చోట్ల సంగతి ఊహించుకోండి. తెలంగాణ ఏర్పడిన కొత్తలో ప్రతి స్టేషన్‌కూ నెలనెలా నిర్వహణ ఖర్చులు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అది మంచి ఆలోచన. అలాంటిది ప్రకటనతో ఆగకుండా ప్రతి నెలా ఖాతాలో పడుతోందా, ఎంత పడుతోంది, ఎన్ని నెలలు ఆగుతోంది అని చూడాల్సింది మీరే.

కేంద్రం ఇస్తుంది కదా అని కొందరంటారు. పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. పోలీసు ఆధునికీకరణ పథకం 1969-70 నుంచి నడుస్తోంది, మన లాంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున పెట్టుకోవాలి. ఆ నిధులు ఖర్చు కాక మిగిలిపోతున్నాయనీ, వినియోగ పత్రాలు పంపక తర్వాతి విడత ఆగిపోతోందనీ అనేక రాష్ట్రాల విషయంలో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఎత్తిచూపింది. ఒకవైపు ఖర్చు కాని నిధులు, ఇంకోవైపు డీజిల్ లేని జీపు. రెండూ ఒకే శాఖలో ఉంటాయి.

ఇప్పుడు దర్యాప్తు దగ్గరికి వస్తాను. నా మనసుకు ఎక్కువ కష్టం కలిగించేది ఇదే.

పెళ్లయిన రెండేళ్లకు ఒక అమ్మాయి అత్తవారింట్లో చనిపోయింది. పురుగుల మందు తాగిందని వాళ్లు, తాగించారని తల్లి. పోస్టుమార్టం చేసిన డాక్టరు విసెరా (లోపలి అవయవాల భాగాలు) తీసి ఉప్పునీళ్ల జాడీల్లో పెట్టి లక్కతో సీలు వేసి ఇచ్చారు. ఏం పరీక్షించాలో చెప్పే లెటర్ ఆఫ్ అడ్వైజ్ పైఅధికారి నుంచి తెచ్చుకుని ఆ డబ్బాను ఫోరెన్సిక్ ల్యాబుకు చేర్చాలి. జీపు బందోబస్తుకు పోయింది. మా కానిస్టేబుల్ ఆ డబ్బాను గోనెసంచిలో పెట్టుకుని ఆర్టీసీ బస్సెక్కాడు. సగం దారిలో వాసన వస్తోందని ప్రయాణికులు గొడవ చేస్తే కండక్టర్ దించేయబోయాడు. వెనక సీటులో కిటికీ తెరిచి, డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే వెళ్లాడు. ఒక ఆడపిల్ల చావు ఎలా జరిగిందో చెప్పగల ఒకే ఒక సాక్ష్యం అలా ప్రయాణం చేసింది.

రిపోర్టు పదకొండు నెలలకు వచ్చింది. ఆ పదకొండు నెలలూ ప్రతి సోమవారం ఆ తల్లి వచ్చి గుమ్మంలో నిలబడి "రిపోర్టు వచ్చిందా సారూ?" అని అడిగేది. ల్యాబులో కూర్చున్న శాస్త్రవేత్తలను నేను తప్పుపట్టను. ఒక్కొక్కరి ముందు ఎంత గుట్ట పడి ఉంటుందో చూసి వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. పోస్టులు ఖాళీ, పరికరాలు రిపేరు, రసాయనాలకు టెండరు అవ్వలేదు. కానీ ఈలోపు ముద్దాయిలు బెయిలు మీద బయటికి వచ్చారు. పక్కింటి సాక్షులు మాట మార్చారు. విషయం ఇంకా చల్లారలేదని చెప్పడానికి ఆ తల్లి ఒక్కతే మిగిలింది.

2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి తీరాలని వాటిలో ఒకటైన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 176(3) సెక్షన్ చెబుతోంది. దానికి ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. అత్యాచారం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసుల్లో రెండు నెలల్లో దర్యాప్తు ముగించాలని 193వ సెక్షన్ అంటుంది. సోదా, స్వాధీనం అన్నీ వీడియో తీయాలని 105వ సెక్షన్. కేసు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లో బాధితులకు చెప్పాలి. ఇవన్నీ మంచివే, నేను సర్వీసులో ఉన్నప్పుడు ఉంటే బాగుండేదనుకున్నవే. కానీ వీటిలో ప్రతిదానికీ మనిషి కావాలి, పరికరం కావాలి, డబ్బు కావాలి. నాకు ఫోన్ చేసే కుర్రాళ్లు సోదా వీడియోలు తమ సొంత ఫోన్లతో, సొంత డేటాతో తీస్తున్నామని చెబుతున్నారు. రేపు ఆ ఫోన్ పాడైతే, కోర్టు ఆ ఫోన్ తెమ్మంటే ఏమిటని అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టరును అత్యాచారం చేసి చంపిన ఘోరం మీరెవరూ మరచి ఉండరు. ఆ రాత్రి ఆమె కుటుంబం ఇది మా పరిధి కాదంటే మా పరిధి కాదని స్టేషన్ల మధ్య తిరగాల్సి వచ్చింది. కేసు నమోదులో ఆలస్యానికి ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో 2013లోనే చెప్పింది. ఆరేళ్ల తర్వాత కూడా ఆ మాట నైట్ డ్యూటీ కానిస్టేబుల్ దాకా చేరలేదంటే శిక్షణకు మనం ఎంత ఖర్చు పెట్టినట్టు? మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. మహిళలపై ఇలాంటి నేరాల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. దక్కినా ఏడు రోజుల్లో డీఎన్ఏ రిపోర్టు ఇవ్వగల ల్యాబులు సరిపడా ఉండాలి కదా. గడువు రాసే ముందు ఆ గడువులో పని చేయగల మనుషులను నియమించండి అని మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను.

దర్యాప్తుకు డబ్బు, సమయం ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పాలి. వేలిముద్రలు తీసే నిపుణుడు రాడు, ల్యాబు రిపోర్టు రాదు, పైనుంచి "ఇంకా తేల్చలేదా" అని ఒత్తిడి. అప్పుడు మనిషిని లోపలికి తీసుకెళ్లి కొడతారు. అది ఖర్చు లేని దర్యాప్తు. నేను చూశాను, ఆపలేకపోయాను, పక్క గదిలో కూర్చుని రాసుకుంటూ ఉండిపోయిన రోజులున్నాయి. స్టేషన్‌లో ప్రతి మూలా, లాకప్ లోపల కూడా కెమెరాలు ఉండాలనీ, రికార్డింగు పద్దెనిమిది నెలలు దాచాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్డు మీద కెమెరాల లెక్క అసెంబ్లీలో చెబుతారు. లాకప్ కెమెరాల్లో పనిచేసేవి ఎన్ని, వాటి రికార్డింగు ఎన్ని నెలలది ఉందో కూడా చెప్పించండి.

దర్యాప్తు వేరు, శాంతిభద్రతలు వేరు చేయమని ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత నేను పదిహేడేళ్లు పనిచేశాను. సాక్షిని పదింటికి రమ్మని చెప్పి, పదింటికి దర్యాప్తు అధికారి ఊరేగింపు బందోబస్తుకు వెళ్లిపోతే, కూలి పోగొట్టుకుని వచ్చిన ఆ మనిషిని "రేపు రా" అని పంపింది నేనే. రెండోసారి అతను రాడు. ఎందుకు రావాలి?

సైబర్ మోసాల గురించి ఎక్కువ రాయను, మీకే బాగా తెలుసు. డబ్బు పోయిన మొదటి గంటలో సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆపగలిగే అవకాశం ఎక్కువ. ఆ గంటలో మండల స్టేషన్‌కు పరిగెత్తుకొచ్చిన రిటైర్డ్ టీచరుకు ఏం చేయాలో చెప్పగలిగే మనిషి ఒక్కడైనా ప్రతి షిఫ్టులో ఉండాలి.

ఇక పోలీసుది కాని పని సంగతి. ఇది హోంశాఖ పద్దులో కనబడదు, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను.

2019 చలికాలంలో ఒక రాత్రి బస్టాండులో ఒంటరిగా తిరుగుతున్న ఒకామెను మావాళ్లు తీసుకొచ్చారు. ముప్ఫై ఏళ్లుంటాయి. తెలుగు రాదు, పేరు చెప్పదు. ఒడిలో పాత బస్సు టికెట్లు పోసుకుని ఒక్కొక్కటీ సాపు చేస్తూ బెంచీ మీద కూర్చుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, వందో సెక్షన్ ప్రకారం ఇలాంటివారిని పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి. ఇరవై నాలుగు గంటల్లోపు దగ్గరలోని ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో పెట్టకూడదు. చట్టం ఎంతో దయగా రాశారు. మేం ఆసుపత్రికి ఫోన్ చేశాం. ఇక్కడ మానసిక వైద్యుడు లేరు, సిటీకి తీసుకెళ్లండి అన్నారు. రాత్రి పన్నెండు దాటింది. ఇంట్లో రెండేళ్ల బిడ్డను అత్తకు అప్పగించి మహిళా కానిస్టేబుల్ వచ్చింది. నేను నా రగ్గు ఇచ్చాను. తెల్లవార్లూ ఇద్దరం మేలుకునే ఉన్నాం, ఆమె లేచి బయటికి నడిస్తే మెల్లగా వెనక్కి తెచ్చి కూర్చోబెడుతూ. ఆ రాత్రి రెండు కాల్స్ వచ్చాయి, వెళ్లడానికి మనిషి లేడు. ఉదయం పదకొండింటికి జీపు దొరికాక ఆమెను సిటీ ఆసుపత్రికి పంపాం. బెంచీ మీద టికెట్లు నాలుగైదు మిగిలిపోయాయి.

ఆమె నేరం చేయలేదు. ఆమె మీద మేం నేరమూ కట్టలేదు. ఆమెకు కావాల్సింది ఒక నర్సు, ఒక మంచం, ఆమె భాష తెలిసిన మనిషి. ఇలాంటివే ఎన్నో. తాగొచ్చి కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన ఇల్లాలికి ఆ రాత్రి తలదాచుకోవడానికి చోటు కావాలి. గృహహింస చట్టం 2005 ప్రకారం రక్షణ అధికారి ఉండాలి, చాలాచోట్ల ఇంకో ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఆ పనీ అంటగట్టారు. పురుగుల మందు డబ్బా పట్టుకుని పొలం గట్టు మీద కూర్చున్న రైతు, ఇంట్లోంచి పారిపోయి ప్లాట్‌ఫారం మీద దొరికిన పిల్లలు, ఆస్తి కోసం కొడుకులు బయటికి నెట్టిన ముసలాయన, అందరూ రాత్రి తొమ్మిది తర్వాత చేరేది పోలీసు స్టేషన్‌కే. ఎందుకంటే ఆ వేళకు ఊళ్లో దీపం వెలుగుతున్న ప్రభుత్వ ఆఫీసు అదొక్కటే. మహిళలకు 181 ఉంది, పిల్లలకు 1098 ఉంది, మానసిక ఒత్తిడికి 14416 ఉంది. ఫోన్ ఎత్తేవాళ్లు ఉంటే ఓదార్పు దొరుకుతుంది. కానీ కదిలి వచ్చే మనిషి కావాలంటే మళ్లీ కానిస్టేబులే వెళ్లాలి.

అందుకే డబ్బు పోలీసుకివ్వాలా, ఆసుపత్రికివ్వాలా అని ఒకదానికి ఒకటి పోటీ పెట్టి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ. పోలీసుల డబ్బు కోసేసి బడులకు ఇవ్వండి అంటే విసెరా డబ్బా ఆర్టీసీ బస్సులోనే వెళ్తుంది. పోలీసులకే ఇంకా ఇంకా ఇవ్వండి అంటే ఆ బస్టాండు ఆమెకు నేను రగ్గు కప్పడం తప్ప ఏమీ చేయలేను. తెలంగాణలో అదే 2025-26లో ఆరోగ్య శాఖకు ఇచ్చింది 12,393 కోట్లు. అందులో జిల్లాకొక మానసిక వైద్యుడు రాత్రిపూట పిలిస్తే పలికేలా, పది పడకలు ఖాళీగా ఉంచేలా ఏర్పాటు చేస్తే ఎంతమంది పోలీసుల పని గంటలు మిగులుతాయో లెక్క వేయించండి. హోంశాఖ లెక్కను, ఆరోగ్య శాఖ లెక్కను, మహిళా శిశు సంక్షేమ శాఖ లెక్కను ఒకే బల్ల మీద పెట్టి చూడగలిగేది ఒక్క శాసనసభే.

డ్యూటీలో ఉన్న మా పోలీసు కుర్రాళ్ల మాట కూడా ఒకటి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వారాంతపు సెలవు ప్రకటించినప్పుడు మా ఇళ్లలో ఆడవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. సిబ్బంది లేకుండా సెలవు నిలవదు. పన్నెండు గంటలు బందోబస్తులో నిలబడి వచ్చినవాడు రాత్రి డ్యూటీలో ఫిర్యాదిని కసిరితే ఆ తప్పు వాడిదే. కానీ ఖాళీలు నింపకుండా వదిలేసిన మన తప్పు కూడా అందులో ఉంది.

మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. వచ్చే సమావేశాల్లో హోంశాఖ పద్దు గిలెటిన్‌లో పోనివ్వకండి, ఒక పూట కూర్చుని చర్చించండి. ప్రతి స్టేషన్‌కూ నెలకింతని దర్యాప్తు ఖర్చు విడిగా ఒక పద్దు కింద ఇవ్వమనండి, అది ఇంకో పనికి మళ్లించడానికి వీల్లేకుండా. స్టేషన్ బాధ్యుడైన ఎస్‌హెచ్‌ఓ ఖాతాలో ముందుగానే పడాలి, లెక్క తర్వాత చూపాలి. ఏ స్టేషన్‌కు ఎంత వచ్చిందో గోడ మీద బోర్డు పెట్టించండి. అది చదివిన తాపీమేస్త్రి "బండి ఖర్చు ప్రభుత్వానిది కదా సారూ" అని అడగగలగాలి. ల్యాబుల్లో ఆరు నెలలు దాటిన రిపోర్టులు ఎన్ని ఉన్నాయో, శాస్త్రవేత్తల పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ప్రతి సమావేశంలో సభ ముందు పెట్టమనండి. 176(3) కోసం ఇచ్చిన ఐదేళ్లలో ఎంత గడిచింది, ఎన్ని జిల్లాలకు ఫోరెన్సిక్ బండి, మనుషులు వచ్చారు అని అడగండి. కేటాయించింది ఎంత అని అడిగి ఊరుకోకండి, విడుదలైంది ఎంత అని అడగండి. ఆ రెండింటి మధ్య తేడాలోనే మా స్టేషన్లు బతుకుతున్నాయి.

వీలైతే ఇంకో పని చేయండి. ఏదో ఒక రాత్రి పదింటికి, ముందుగా చెప్పకుండా, గన్‌మెన్‌ను బయట ఉంచి, మీ నియోజకవర్గంలో మారుమూల స్టేషన్‌కు వెళ్లండి. రైటర్ ఎవరో అడగండి. కిందటి నెల కాగితాలు, టోనర్, డీజిల్ బిల్లులు చూపించమనండి. ఎవరు కట్టారని అడగండి. అతను వెంటనే చెప్పలేడు, ఎస్ఐ గారి గది వైపు చూస్తాడు. కోప్పడకండి. మీరు వచ్చారని అప్పటికే లేచి నిలబడి ఉంటాడు, ముందు అతన్ని కూర్చోమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎస్ఐ, పూర్వపు స్టేషన్ రైటర్